రాయి పెట్టిన కర్చీఫ్

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి! ఒక్క పావుగంట నా పక్కన కూర్చుని ఇది వినండి. రేపు పొద్దున ఏడింటికి ఇక్కణ్నుంచి ఒక బస్సు వెళ్ళిపోతుంది. ఆలోపు నేనొక సంగతి తేల్చుకోవాలి. నా ఒక్కదాని బుర్రకి అది తెగడం లేదు.

నేనిప్పుడు పరాయి దేశంలో, ఒక చిన్న రేవు ఊళ్ళో, ఊరు మొత్తం మీద చవకైన బసలో, వంటగది బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. తొమ్మిది దాటినా ఇక్కడ ఇంకా పొద్దు వాలలేదు. కిటికీలోంచి రేవూ, తాళ్ళతో కట్టేసిన పడవలూ కనిపిస్తున్నాయి. ఈ బసలో గదికి ఆరు మంచాలు, మూడు కింద, మూడు పైన. నాది పై మంచం. నిచ్చెన ఎక్కుతుంటే అది కీచుమంటూ నేను పడుకోబోతున్నానని గదంతా చాటింపు వేస్తుంది. ఫ్రిజ్‌లో ఒక్కో అరకి ఒక్కొక్కరి పేరు చీటీ అంటించి ఉంది. సింకు మీద "మీ గిన్నె మీరే కడగండి" అని ఐదు భాషల్లో రాశారు. మన భాష లేదు, అయినా నాకు మా అమ్మ గొంతులోనే వినిపిస్తుంది.

నాకు ఇరవై ఆరేళ్ళు. కళ్ళజోళ్ళ షాపులో పని. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? ఇప్పుడు బాగుందా?" అని రోజుకి నాలుగొందల సార్లు అడుగుతాను. ఇంట్లో కూర వడ్డిస్తూ కూడా అదే అడుగుతానని మా అక్క వెక్కిరిస్తుంది. నాలుగేళ్ళ కింద ఒక మధ్యాహ్నం షాపులో టిఫిన్ డబ్బా మూత తీసి ఫోన్ చూస్తుంటే ఒక మసక వీడియో కనిపించింది. సముద్రంలో నిటారుగా ఒక రాతికొండ. దాని అంచు మీద నల్లకోటు, తెల్లచొక్కా వేసుకున్నట్టుండే పక్షులు వేలకి వేలు. వాటి మధ్య అరచేతిలో పట్టేంత పిల్ల ఒకటి. దానికింకా ఎగరడం రాదు. అది అంచుకొచ్చింది, కిందికి చూసింది, చూసి దూకేసింది! నాలుగంతస్తుల ఎత్తు నుంచి సముద్రంలోకి! నా చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

అదిగో, ఆ రోజు పట్టింది పిచ్చి. ఆ పక్షికి వకీలు పిట్ట అని నేనే పేరు పెట్టుకున్నాను. నాలుగేళ్ళు ఆటో ఎక్కలేదు, పండక్కి బట్టలు కొనుక్కోలేదు, పగిలిన ఫోన్‌తోనే నెట్టుకొచ్చాను. ఓనరు గారు మూలన పడేసిన బైనాక్యులర్స్ అడిగి తీసుకుని, పగిలిన అద్దం నేనే మార్చి బిగించుకున్నాను. పిల్లలు దూకేది ఏడాదికి ఒక్క మూడు వారాలే. దానికి సరిపోయేలా పది రోజులు సెలవు పెట్టాను, వెనక్కివ్వడానికీ మార్చుకోవడానికీ వీల్లేని విమానం టికెట్ కొన్నాను.

"ఒక్కదానివీ అంత దూరం పోయి పిట్టల్ని చూడ్డమేంటే? మన డాబా మీదికి రావా పిట్టలు?" అంది అమ్మ.

"అవి పావురాలమ్మా."

"పావురాలకేం తక్కువ?"

అంటూనే సంచిలో డజను కర్చీఫులు కుక్కింది. మా అమ్మ లెక్కలో విదేశం అంటే జలుబు.

ఇక్కడ ఒక్క నిమిషం కర్చీఫ్ గురించి చెప్పాలి, మీకు తెలిసిందే అయినా. మా నాన్న బస్టాండ్‌లో బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరితే అది సరిగ్గా సీటు మధ్యలో పడేది. గురి అంటే గురే. జనం మరీ ఎక్కువగా ఉంటే కర్చీఫ్ బదులు నన్నే కిటికీలోంచి లోపలికి వేసేవాడు. "సీటంతా పడుకో! లేవకు! నేనొస్తున్నా!" అని కింది నుంచి అరిచేవాడు. నేను ముగ్గురి సీటు మీద అడ్డంగా పడుకుని, ఎవరొచ్చినా కళ్ళు గట్టిగా మూసుకునేదాన్ని. అంటే నేను కర్చీఫ్ వేసే వంశంలో పుట్టడమే కాదు, కొన్నాళ్ళు స్వయంగా కర్చీఫ్‌గా కూడా పనిచేశాను. ఈ చట్టం నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు. ముందు కర్చీఫ్ ఎవరిదైతే సీటు వాళ్ళది. దానికి పై కోర్టు లేదు.

సరే, అసలు కథ.

రాతికొండకి వెళ్ళే పడవ ఒక్కటే. రోజుకి ఒక్కసారి, నాలుగింటికి. పన్నెండు సీట్లు. నడిపేది భుజాలు ఇంతేసి ఉన్న ఒకావిడ. ఎప్పుడు చూసినా గంబూట్లే, అందుకని నేను గంబూట్ల ఆవిడ అంటాను. ముందుగా బుక్ చేసుకోవడాలు లేవు, వచ్చి ఎక్కినవాళ్ళు ఎక్కినట్టు. నేను వచ్చి మూడు రోజులైంది. మొదటి రెండు రోజులూ అలలు ఎక్కువని పడవ తియ్యలేదు. రేవులో పలక మీద సుద్దతో పెద్ద అడ్డగీత గీసి ఉంటే, ఆ గీత ముందు నిలబడి ఏడుపు మింగుకున్నాను. ఈ రోజు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. పలక మీద "నాలుగు" అని రాసి, కింద "ఈ ఏటికి ఆఖరిది" అని కూడా రాసింది. ఎల్లుండి నా విమానం. అంటే ఈ రోజు ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే మళ్ళీ ఏ జన్మకో!

మూడింటికే వెళ్ళిపోయాను. పడవ కట్టేసి ఉంది, చిన్న తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు. అన్నిటికంటే ముందు, కుడి పక్కన, ఒంటి సీటు ఒకటుంది. బస్సులో డ్రైవర్ పక్క సీటు లాంటిది, ఎదురుగా ఏ తలా అడ్డు రాదు. గబగబా వెళ్ళాను. చూస్తే, దాని మీద ఒక కర్చీఫ్.

నీలం గళ్ళది, మగవాళ్ళు వాడే సైజు. నాలుగు మూలలూ సరిచేసి పరిచి ఉంది. మధ్యలో గాలికి ఎగిరిపోకుండా గుండ్రటి చిన్న రాయి.

ఎవరో పారేసుకున్నట్టున్నారు అనుకున్నాను. అలా అనుకోవాలని అనుకున్నాను, అంటే సరిగ్గా ఉంటుంది. ఈ దేశంలో కర్చీఫ్ వేసి సీటు పట్టేవాళ్ళు ఎవరుంటారు, ఇక్కడ ఎంత సేపైనా వరసలో నిలబడతారు, ఎవరి జేబులోంచో జారి ఉంటుంది, అని నాకు నేనే గబగబా చెప్పేసుకున్నాను. కానీ మీరే చెప్పండి, జారిపడిన కర్చీఫ్ మీదికి రాయి దానంతట అది ఎక్కి కూర్చుంటుందా?

తీసి పక్కనున్న అంచు మీద పెట్టాను. రాయి ఎందుకో నా కోటు జేబులో వేసుకున్నాను, నిజంగా ఎందుకో తెలీదు. మా అమ్మ ఇచ్చిన తెల్ల పువ్వుల కర్చీఫ్ ఆ సీటు మీద పరిచి, రొట్టె కొనుక్కుందామని వెళ్ళాను. పొద్దున్నుంచీ తిండి లేదు, మూడు గంటలు సముద్రం మీద ఉండాలి.

రొట్టెల కొట్లో నా ముందు ముగ్గురే ఉన్నారు. కానీ ఒక్కొక్కరూ కొట్టావిడతో పుట్టుపూర్వోత్తరాలు మాట్లాడుకుని గానీ కదల్లేదు. నాకేం తొందర, కర్చీఫ్ వేసొచ్చాను కదా అని ధీమాగా నిలబడ్డాను.

నాలుగింటికి పది నిమిషాలుందనగా వెనక్కి వచ్చేసరికి పడవ నిండుగా ఉంది! పదకొండు మంది, ఒకే గుంపులా ఉన్నారు, పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. నా ఒంటి సీటు మాత్రం ఖాళీగా ఉంది, దాని మీద కర్చీఫ్ లేదు. నేను ఎక్కబోతే గంబూట్ల ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, రేవు వైపు చూపించింది. ఎవరో పెద్దావిడ వస్తోంది, ఆగమన్నట్టు. నేను సీటు చూపించి, చేతుల్తో చదరం గీసి, నా కర్చీఫ్ ఏదని అడిగాను. ఆవిడ ముఖం వెలిగింది. కాళ్ళ దగ్గరున్న రేకు డబ్బా తీసింది. అది ప్రయాణికులు మర్చిపోయిన సామాను వేసే డబ్బా. అందులో ఒక చేతి తొడుగు, ఒక గొడుగు, పైన రెండు కర్చీఫులు. ఇక్కడ సీటు మీద గుడ్డ ఉందంటే ఎవరో మర్చిపోయారనే అర్థం. పాపం, భద్రంగా దాచిపెట్టింది.

"అయ్యో, నా కర్చీఫ్ తీసి డబ్బాలో వేసేసింది మహాతల్లి!" అన్నాను పైకే, మన భాషలో, ఎవరికి అర్థమవుతుందిలే అని.

వెనక నుంచి వినిపించింది: "నీదొక్కటేనా? నాదీ అందులోనే ఉంది!"

తిరిగి చూశాను. అరవై ఏళ్ళుంటాయి. చీర, చీర మీద స్వెట్టర్, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, భుజానికి అడ్డంగా తోలు సంచి. నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుని పగలబడి నవ్వుతోంది.

"ఎన్ని సముద్రాలు దాటొచ్చినా మనకి ఈ కర్చీఫ్ గొడవ తప్పదన్నమాట! ఏవమ్మాయ్, ఎవరి పిల్లవి నువ్వు?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్ని రోజుల తర్వాత ఎదురుగా వినిపించిన మన మాట! "ఆంటీ, మీరూ..." అన్నాను.

"ఆంటీ కాదు. కండక్టరమ్మా అను, అందరూ అదే అంటారు. ఇరవై రెండేళ్ళు బస్సు కండక్టర్‌గా చేసి రిటైరయ్యా. కర్చీఫ్ కేసులు నా దగ్గరికి వచ్చినన్ని ఏ జడ్జి దగ్గరికీ వచ్చి ఉండవు." అంతలోనే గొంతు మార్చింది. "సరే, ఇప్పుడు సంగతి చూద్దాం. సీటు ఒకటి, మనుషులం ఇద్దరం. నేను రెండున్నరకి వేసెళ్ళా. ఉతికిన చీర ఆరేసి వద్దామని బసకి పోయి ఇప్పుడే వస్తున్నా. నువ్వెప్పుడు వేశావ్?"

"మూడింటికి... కాదు, నేనూ ఇంచుమించు రెండున్నరకే."

గంబూట్ల ఆవిడ ఒక వేలు చూపించి గడియారం తట్టింది. ఒక్కరే, త్వరగా.

"మీరూ పిట్టల కోసమేనా?" అని అడిగాను.

"ఏం పిట్టలు?" అంది కండక్టరమ్మ.

ఆ ఒక్క మాట నాకు చాలింది. ఈవిడకి వకీలు పిట్ట అంటేనే తెలీదు, ఊరికే షికారుకొచ్చింది, నేను నాలుగేళ్ళు కాచుకున్నాను, అని నా లోపల ఒక లాయరు లేచి వాదించేస్తున్నాడు.

"ఒకటే ప్రశ్న," అంది కండక్టరమ్మ, నిజంగా కోర్టులో ఉన్నట్టే. "నువ్వు కర్చీఫ్ వేసేటప్పటికి సీటు మీద ఏమైనా ఉందా?"

ఆవిడ అప్పటికే డబ్బాలోంచి తీసి చేతిలో పట్టుకున్న నీలం గళ్ళ కర్చీఫ్ వైపు చూశాను.

"లేదండీ. ఖాళీగానే ఉంది."

అంత సులువుగా వచ్చేసింది! అద్దాలు మారుస్తూ "బాగుందా" అని అడిగినంత మామూలుగా.

"అయితే గాలికి నాది ఎగిరిపోయి ఉంటుంది. రాయి పెట్టానే!" అని ఒక్క క్షణం ఆలోచించి, భుజాలు ఎగరేసి, రెండడుగులు వెనక్కి వేసింది. "పోనీలే, ఎక్కు. చట్టమంటే చట్టమే."

నేను ఎక్కాను. జేబులో రాయి నా తుంటికి తగిలింది. పడవ కదులుతుంటే ఆవిడ ఒడ్డు మీద నుంచి, "అమ్మాయ్, ఆ పువ్వుల ముక్క ముక్కు తుడుచుకోడానిక్కూడా చాలదు! ఇది చెవులకి కట్టుకో, సముద్రపు గాలి!" అని తన నీలం గళ్ళ కర్చీఫ్ ఉండచుట్టి విసిరింది. అది సరిగ్గా వచ్చి నా ఒళ్ళో పడింది. మా నాన్న గురి.

ఇప్పుడు నేను, మనసు బాగాలేక పిట్టలు కంటికి ఆనలేదని రాస్తే పచ్చి అబద్ధమవుతుంది. ఆనాయి! ఎంత బాగా ఆనాయో! రాతికొండ దగ్గర ఇంజన్ ఆపేసింది గంబూట్ల ఆవిడ. పైన వేల గొంతులు, ఉప్పు వాసన, ఇంకో వాసన (అంత మంది ఒకే చోట కాపురముంటే వచ్చేది). వకీళ్ళు భుజం భుజం ఆనించి నిలబడి అందరూ ఒకేసారి వాదిస్తున్నారు. ముందు సీటు కదా, నాకు ఏదీ అడ్డం లేదు. మొదటి అరగంట ఒక్క పిల్లా దూకలేదు. తర్వాత నా బైనాక్యులర్స్‌లో సరిగ్గా మధ్యకి ఒకటొచ్చింది. కింద నీళ్ళలో వాళ్ళ నాన్న తేలుతూ మెడ పైకెత్తి అరుస్తున్నాడు, అరుస్తూనే ఉన్నాడు. పిల్ల అంచుకి వస్తుంది, వెనక్కి పోతుంది, మళ్ళీ వస్తుంది. నా నోట్లోంచి నాకు తెలీకుండానే "దూకు, నాన్న ఉన్నాడుగా" అని వచ్చింది. దూకింది! బుల్లి రెక్కలు రెండూ చాచి, రాతికి ఒకసారి తగిలి, పైకి లేచి, టప్పున నీళ్ళలో పడింది. వాళ్ళ నాన్న గబగబా ఈదుకుంటూ వచ్చి పక్కన చేరాడు. ఇద్దరూ కలిసి నడిసముద్రం వైపు వెళ్ళిపోయారు, కనీసం వెనక్కి తిరిగి చూడకుండా.

ఏడ్చాను. చెవులకి కట్టుకున్న కర్చీఫ్ కొసతోనే కళ్ళు తుడుచుకున్నాను. అది ఎవరిదో గుర్తొచ్చింది, అయినా తుడుచుకున్నాను.

ఏడింటికి తిరిగొచ్చేసరికి కండక్టరమ్మ రేవులో బెంచీ మీద కూర్చుని ఉంది. ఫ్లాస్కులో టీ, రెండు కప్పులు.

"దా, కూర్చో. మొత్తం చెప్పు. ఒక్కటి కూడా వదలకుండా చెప్పు."

చెప్పాను. చేతులు ఊపుతూ, అరుపులు అరుస్తూ చెప్పాను. పిల్ల దూకిన దగ్గర ఆవిడ నా మోచెయ్యి పట్టేసుకుంది. "హమ్మ! పడింది కదా, బాగానే పడింది కదా?" అని రెండుసార్లు అడిగింది. వాళ్ళ నాన్న వచ్చాడనగానే ఊపిరి వదిలింది. ఎవరికీ ఇంత బాగా చెప్పలేదు నేను. ఫోన్‌లో అమ్మకి చెప్తే, "బానే ఉంది గానీ తిన్నావా?" అంది.

అప్పుడు మామూలుగా అడిగాను, మీరెందుకొచ్చారు ఈ దేశానికి అని.

"కూర్చోడానికి," అంది.

"అంటే?"

"ఇరవై రెండేళ్ళు బస్సులోనే బతికా తల్లీ, నిలబడే. అందరికీ సీట్లు సర్దా. 'అమ్మా జరుగు, అయ్యా జరుగు' అని అరిచీ అరిచీ నా గొంతు చూడు ఎలా అయిందో. ముందు అద్దంలోంచి రోడ్డు ఎలా కనిపిస్తుందో డ్రైవర్లు చెప్తే వినడమే. రిటైరయ్యాక, బండి ఏదైనా ముందు సీటులో కూర్చుని లోకం చూడాలనుకున్నా. మా అబ్బాయి ప్యాకేజీ టూరుకి పొమ్మన్నాడు. అక్కడ మళ్ళీ యాభై మంది, మళ్ళీ తలలు లెక్కపెట్టుకోవడం! నా వల్ల కాదన్నా. ఒక్కదాన్నే బయల్దేరా. రైల్లో ముందు సీటు అయింది, ట్రాములో అయింది, కొండ మీదికి తాడు మీద పోయే పెట్టెలో అయింది. పడవ ఒక్కటే మిగిలింది." కప్పు ఖాళీ చేసి నవ్వింది. "పోన్లే. రేపు పొద్దున ఏడింటి బస్సుకి పోవాలి, మధ్యాహ్నం విమానం. అన్నీ చేసేస్తే ఇంటికెళ్ళి ఏం తోస్తుంది?"

నేను నా కప్పు బెంచీ మీద పెట్టేశాను.

ఏదో ఒకటి మాట్లాడాలని, "బస్సులో కర్చీఫ్ గొడవలు మీరెలా తేల్చేవారు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"అదెంత పని! 'నువ్వొచ్చేసరికి సీటు మీద ఏమైనా ఉందా' అని ఇద్దర్నీ అడిగేదాన్ని. నిజం చెప్పేవాళ్ళు సీటు వైపు చూసి చెప్తారు. అబద్ధం చెప్పేవాళ్ళు ఎదుటివాళ్ళ కర్చీఫ్ వైపు చూసి చెప్తారు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి తప్పలేదు."

పడవ తాడు కర్రకి రాసుకుంటూ చప్పుడు చేస్తోంది.

"నువ్వెటు చూశావో నేను చూళ్ళేదులే," అంది ఆవిడ, సముద్రం వైపు తిరిగి. "నేనప్పుడు పడవ వంకే చూస్తున్నా."

అంతే. లేచి, ఫ్లాస్కు తీసుకుని, సంచి సర్దుకోవడానికి బసకి వెళ్ళిపోయింది. ఆవిడ దిగింది కూడా ఈ బసలోనే, వేరే గదిలో, నిన్న రాత్రే వచ్చిందట. ఆవిడకి తెలుసా? తెలిసే నన్ను ఎక్కించిందా? లేక మామూలుగానే చెప్పిందా? ఆ మాటలో ఏమీ పట్టుకోలేకపోయాను. మనుషుల కళ్ళు చూడ్డమే నా పని, ఆవిడ కళ్ళు మాత్రం నాకు చదవడం రాలేదు.

ఆ కర్చీఫ్ ఉతికి కుర్చీ వీపు మీద ఆరేశాను. ఆరిపోయింది కూడా, ఇప్పుడే నాలుగు మడతలు పెట్టాను. ఆవిడ గది తలుపు తీసే ఉంది. మంచం మీద సర్దిన సంచి ఇక్కడికి కనిపిస్తోంది. మనిషి స్నానానికి వెళ్ళింది, పది నిమిషాల్లో వస్తుంది. నా ముందు బల్ల మీద కర్చీఫ్, దాని పక్కన గుండ్రటి చిన్న రాయి. కర్చీఫ్ ఒక్కటీ సంచి మీద పెట్టి వచ్చేస్తే, మంచి పిల్ల, ఉతికి మరీ ఇచ్చింది అనుకుంటుంది. ఇద్దరం నవ్వుతూ విడిపోతాం, ఏడింటికి బస్సు వెళ్ళిపోతుంది. రాయి కూడా పెడితే ఒక్క మాట చెప్పక్కర్లేదు, ఆవిడకి మొత్తం అర్థమైపోతుంది. కానీ ఇంటికెళ్ళే ముందు రోజు, పడవలో కూర్చోకపోయినా ఇంత సంతోషంగా ఉన్న మనిషికి ఆ సీటు తనదేనని ఇప్పుడు చెప్పి ఎవరికి మంచి చేస్తున్నట్టు, ఆవిడకా, నాకా?

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. త్వరగా చెప్పండి, మీరైతే కర్చీఫ్ ఒక్కటే పెట్టి వస్తారా, దాని మీద రాయి కూడా పెడతారా?